రద్దీకి పోయిన చందమామ, కృష్ణలో కలిసిన ఖిలోనా

మా ఇంట్లో కాగితాలు రెండు రకాలు. రద్దీకి వేసేవి, వేయకూడనివి. తెలుగు, ఇంగ్లీషు కాగితాలు మొదటి రకం. నెలకోసారి సైకిల్ మీద తరాజు పెట్టుకుని వచ్చే రద్దీవాలా వాటిని కిలోల లెక్కన తూచుకుని పోయేవాడు. ఉర్దూ కాగితం ఏదైనా సరే రెండో రకం. అందులో ఎక్కడో ఒక చోట అల్లాహ్ పేరు ఉంటుంది, రసూల్ పేరు ఉంటుంది. ఏమీ లేకపోయినా ఎవరో ఒక అబ్దుల్లా పేరైనా ఉంటుంది. దాంట్లో పల్లీలు పొట్లం కట్టి, తిన్నాక రోడ్డు మీద పారేస్తే బేఅద్బీ. మా దాదీకి చదువు రాదు. అయినా కింద పడ్డ ఉర్దూ ముక్క కనిపిస్తే తీసి, కళ్లకద్దుకుని, గోడ సందులో దోపేది.

నా చిన్నప్పటి రెండు రిసాలాలు, అంటే నెలనెలా వచ్చే పత్రికలు, ఈ రెండు దారుల్లో చెరో దారిన పోయాయి. చందమామ రద్దీకి పోయింది. ఖిలోనా కృష్ణలో కలిసింది. పెద్దయ్యాక రెంటినీ మళ్లీ పోగు చేద్దామని బయల్దేరితే ఒకటి తేలిగ్గా దొరికింది, ఇంకోటి దొరకలేదు. ఎందుకని అడుగుతూ పోతే వెనక ఓ చిన్న తారీఖ్ కనిపించింది. అది చెప్దామనే ఇది రాస్తున్నా.

ముందు చందమామ. 1947 జులైలో, ఆజాదీకి ఇంకో నెల ఉందనగా, మద్రాసులో బి. నాగిరెడ్డి, చక్రపాణి తెలుగులో చందమామనూ తమిళంలో అంబులిమామనూ మొదలుపెట్టారు. తర్వాత పాతాళభైరవి, మాయాబజార్ తీసింది కూడా ఈ ఇద్దరే. 1952 నుంచి 1980లో చనిపోయేదాకా కొడవటిగంటి కుటుంబరావు దాని వెనక ఉన్నారు. వడ్డాది పాపయ్య, చిత్ర, శంకర్ బొమ్మలు వేశారు. బేతాళుణ్ణి భుజాన వేసుకుని కత్తి పట్టుకుని నడిచే విక్రమార్కుడి బొమ్మ శంకర్‌దే. ఆయన 2020లో, 96 ఏళ్ల వయసులో పోయారు. రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం లాంటి సీరియళ్లు రాసింది దాసరి సుబ్రహ్మణ్యం. తరాల కొద్దీ పిల్లలు ఆయన రాసింది చదివారు గానీ, ఆయన పేరు చాలామందికి పెద్దయ్యాకే తెలిసింది. 2010 జనవరిలో ఆయన పోయినప్పుడు పేపర్లో చూసి, ఓహో ఈయనేనా అనుకున్నవాళ్లలో నేనూ ఉన్నా.

ఉర్దూ మీడియం స్కూల్లో చదివే నాకు తెలుగు నేర్పింది చందమామే. బడిలో తెలుగు ఒక సబ్జెక్టు, వారానికి కొన్ని గంటలు. ఇంట్లో దఖనీ. గల్లీలో పాలమూరు తెలుగు. పుస్తకం తెలుగు అనేది ఒకటి ఉంటుందని, దాంట్లో రాజులు 'అలాగే కానివ్వండి' అని మాట్లాడతారని చందమామ చదివాకే తెలిసింది. డిగ్రీలో తెలుగు సాహిత్యం తీసుకున్నప్పుడు మా లెక్చరర్ అడిగారు, 'ఏం బాబూ, ఇంత తెలుగు ఎక్కడ నేర్చుకున్నావు?' అని. 'చందమామలో సార్' అన్నా. క్లాసంతా నవ్వింది. సార్ నవ్వలేదు. 'నేనూ అక్కడే' అన్నారు.

ఇక ఖిలోనా. ఇది మీలో చాలామందికి తెలియకపోవచ్చు. ఖిలోనా అంటే ఆటబొమ్మ. 1948లో ఢిల్లీ నుంచి మొదలైన పిల్లల ఉర్దూ మాసపత్రిక. తెచ్చింది షమా సంస్థ. యూసుఫ్ దెహ్లవీ 1939లో షమా అనే సినిమా, సాహిత్య పత్రిక పెట్టారు. అది ఇల్లిల్లూ తిరిగింది. అందులో వచ్చే ముఅమ్మా, అంటే పదాల పజిల్, నింపి ఇనాం కోసం ఎదురు చూడని ఉర్దూ ఖాందాన్ లేదని మా పెద్దవాళ్లు చెప్పేవాళ్లు. ఆ ఇంటి నుంచే ఆడవాళ్లకు బానో, డైజెస్ట్ చదివేవాళ్లకు షబిస్తాన్, హిందీవాళ్లకు సుష్మా, పిల్లలకు ఖిలోనా వచ్చాయి. ఎనిమిదేళ్ల నుంచి ఎనభై ఏళ్ల దాకా ఉన్న పిల్లల కోసం అని ఖిలోనావాళ్లు తమ గురించి చెప్పుకునేవాళ్లు. ఏడాదికోసారి వచ్చే సాల్‌నామా, అంటే వార్షిక సంచిక, లావుగా ఉండి పండగలా వచ్చేది.

1948, ఢిల్లీ. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూడండి. అంతకు ముందు సంవత్సరమే ఆ షహర్ తగలబడింది. పాత ఢిల్లీ మొహల్లాలు ఖాళీ అయి, జనం పురానా ఖిలాలో, హుమాయూన్ మఖ్బరాలో గుడారాలేసుకుని పడి ఉన్నారు. దర్యాగంజ్‌లో ఉన్న అంజుమన్ తరఖ్ఖీ ఎ ఉర్దూ దఫ్తర్ లూటీ అయింది. దాన్ని నడిపిన మౌల్వీ అబ్దుల్ హఖ్ కరాచీ వెళ్లిపోయారు. చదివేవాళ్లు సరిహద్దుకు అటు సగం, ఇటు సగం అయ్యారు. ఉర్దూ రేపు ఎవరి జబాన్ అనేది ఎవరికీ తెలియదు. అలాంటి ఊళ్లో, అలాంటి ఏడాదిలో, కూర్చుని పిల్లల కోసం నవ్వుల పత్రిక తీశారంటే అది వ్యాపారం మాత్రమే అని నేను అనుకోలేను. ఈ జబాన్‌లో చదివే పిల్లలు ఇంకా పుడతారు అని పెట్టిన పందెం అది.

అదే 1948 సెప్టెంబర్‌లో మన దగ్గర పోలీస్ యాక్షన్ జరిగింది. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ తెరిచినప్పటి నుంచి అక్కడ పై చదువులు ఉర్దూలోనే సాగాయి. దాని తర్వాత ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. మా దాదా ఉర్దూ చదివింది అది సర్కారీ జబాన్ కాబట్టి, నౌకరీ వస్తుంది కాబట్టి. మా అబ్బా చదివింది దాదా చదివాడు కాబట్టి. నేను చదివింది ఇంటి పక్కన ఉన్న సర్కారీ బడి అదే కాబట్టి. నా కూతురు చదవలేదు. నాలుగు తరాల హిసాబ్ ఇది.

ఖిలోనాలో రాసినవాళ్లు చిన్నవాళ్లు కారు. కృష్ణ చందర్ 'ఉల్టా దరఖ్త్' పిల్లల కోసం అందులో రాశారు. సినిమా పాటల రాజా మెహదీ అలీ ఖాన్ అందులో పిల్లల నజ్మ్‌లు రాశారు. సిరాజ్ అన్వర్ 'ఖౌఫ్‌నాక్ జజీరా', దాని తర్వాత 'కాలీ దునియా', 'నీలీ దునియా' చదివి రాత్రి లేచి బయటికి పోవడానికి భయపడినవాళ్లు మా ఖాందాన్‌లోనే డజను మంది. చందమామలో అచ్చు అక్షరాలు సీసంవి. ఖిలోనాలో ప్రతి పేజీ కాతిబ్ చేతిరాత. నస్తాలీఖ్‌ను యంత్రం మీదికి తెచ్చిన నూరీ నస్తాలీఖ్ 1981లో గానీ రాలేదు. అంతవరకూ ఏ ఉర్దూ రిసాలా అయినా ఒక మనిషి మోకాలి మీద పలక పెట్టుకుని కలంతో రాసిందే. కథ ఎక్కువై పేజీ చాలకపోతే చివరి పంక్తుల్లో అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చునేవి. పిల్లలం అది చూసి, కాతిబ్ సాబ్ నిద్రకు తొందరపడ్డాడు అనుకునేవాళ్లం.

మా ఇంటికి ఖిలోనా తెప్పించింది నేను కాదు, మా చిన్న ఫుప్పు. అబ్బాకు చెల్లెలు. ఏడో జమాత్ తర్వాత ఆమెను బడి మాన్పించారు. ఏడ్చి అన్నం మానేస్తే దాదా ఒక సుల్హ్ చేసుకున్నాడు. 'బడికి పంపను గానీ, ఢిల్లీ నుంచి నీకు రిసాలా తెప్పిస్తా' అని. అలా 1966 జనవరి నుంచి 1972 డిసెంబర్ దాకా ఏడేళ్లు వచ్చింది. మొత్తం 84 షుమారాలు. అన్ని సంచికల మీదా కుడివైపు మూలన నీలం సిరాతో తన పేరు, నంబరు రాసుకుంది. ఒకటి నుంచి ఎనభై నాలుగు. దానికి వేరే ఒక కాపీలో ఫెహ్‌రిస్త్. ఏ నంబర్లో ఏ కథ, ఎవరు రాశారు, నచ్చిందా లేదా. నచ్చకపోతే పక్కన చిన్న సున్నా.

1973 మొదట్లో ఆమెకు నికాహ్ అయింది. రాయచూర్ వెళ్లిపోయింది. చందా ఆగిపోయింది. ఖిలోనాలు లోపలి గదిలో, సందూఖ్‌లో ఉండిపోయాయి. నేను 1986, 87లలో వాటిని తీసి చదవడం మొదలుపెట్టా. అప్పుడే ఢిల్లీలో ఖిలోనా ఆగిపోయిందని, 1987తో దాని కథ ముగిసిందని నాకేం తెలుసు? నాకు అది ప్రతి ఎండాకాలం కొత్తగానే వచ్చేది.

అందులో ఓ ఖిస్త్‌వార్ నావల్ ఉండేది. తండ్రిని వెతుక్కుంటూ ఓడెక్కి పోయిన పిల్లవాడి కథ. 84వ నంబర్లో ఓడ తుఫానులో చిక్కుకుంటుంది. మిగతాది వచ్చే నెలలో. ఆ వచ్చే నెల మా ఇంటికి ఎన్నడూ రాలేదు. సెలవులకు ఫుప్పు పిల్లలతో వస్తే అందరం చుట్టూ చేరి అడిగేవాళ్లం, తర్వాత ఏమైంది అని. ఆమె చెప్పేది. ఓడ బందర్ రేవుకు కొట్టుకొచ్చింది. తండ్రి అక్కడ అత్తరు అమ్ముకుంటున్నాడు. కొడుకును గుర్తుపట్టాడు. ఇద్దరూ బస్సెక్కి పాలమూరు వచ్చారు. దాదీ చేతి ఖట్టీ దాల్ తిన్నారు. ఇదంతా ఖిలోనాలో ఉందనే మేం నమ్మాం.

1993లో ఆపా నికాహ్ కుదిరింది. ఇంటికి సున్నాలు వేయాలి, సామాన్లన్నీ బయటికి తీశారు. నా చందమామలు ఎనిమిదేళ్లవి, 96 ఉన్నాయి. రద్దీవాలా తూచి తీసుకుపోయాడు. ఎంత వచ్చిందో నాకు గుర్తులేదు, దాంతో రెండు డబ్బాల రంగు మాత్రం వచ్చింది. ఖిలోనాల దగ్గర అబ్బా ఆగాడు. సందూఖ్ అడుగున చెదలు పట్టింది. రద్దీకి వేయలేడు. కాల్చలేడు. రెండు గోనె సంచుల్లో నింపి, ఎవరిదో జీపు బీచుపల్లి మీదుగా కర్నూలు పోతుంటే అందులో వేసుకుని, వంతెన దగ్గర దిగి, దరూద్ చదివి కృష్ణలో వదిలి వచ్చాడు. మస్జిదుల్లో ముఖద్దస్ ఔరాఖ్ అని డబ్బాలు పెడతారు చూడండి, చిరిగిన పవిత్ర కాగితాలు వేయడానికి. ఆ పద్ధతే. అబ్బా చేసింది ఏ మాత్రం తప్పు కాదు, ఆయన లెక్కలో అది జనాజా. వేరే పెట్టెలో పడి ఉన్న 19 సంచికలూ, ఆ ఫెహ్‌రిస్త్ కాపీ మాత్రం మిగిలాయి.

హైదరాబాద్‌లో పేపర్లో నౌకరీ దొరికాక, 2005 నుంచి నాకు ఈ జునూన్ పట్టింది. ఇతవారం పొద్దున ఆబిడ్స్. దుకాణాలు మూసి ఉంటే వాటి ముందు ఫుట్‌పాత్ నిండా పాత కితాబులు పరుస్తారు కదా, అక్కడ. చందమామల హిసాబ్ మూడేళ్లలో తేలిపోయింది. 96కి 96 దొరికాయి. మొదట్లో పది రూపాయలకు ఒకటి, చివర్లో వందకు. కొన్ని ఇళ్లలో కుట్టించిన బైండ్లు, కొన్ని లైబ్రరీ ముద్రలు కొట్టినవి. ఆ తర్వాత అభిమానులు స్కాన్ చేసినవి కూడా వచ్చాయి. మధ్యలో 1998లో ఆగి మళ్లీ మొదలై, 2007లో ముంబై కంపెనీ చేతికి పోయి, 2012 తర్వాత కనిపించకుండా పోయింది చందమామ. కానీ పాతవి మాత్రం జనం దగ్గర బతికే ఉన్నాయి.

ఖిలోనా అలా దొరకలేదు. ఆబిడ్స్‌లో అడిగితే ఉర్దూ కట్టలున్న మనిషి నవ్వాడు. 'సాబ్, ఇవి మా దగ్గరికి రావు. రద్దీలో పడితే కదా మాకు వచ్చేది' అన్నాడు. అప్పుడు వెలిగింది నాకు. మనం రద్దీ అని తీసిపారేసే బజారే పాత పుస్తకాన్ని బతికిస్తుంది. ఒక ఇంటికి అక్కర్లేనిది తూకంలో పడి, చేతులు మారి, అక్కర్లేని చోటి నుంచి అక్కరున్న చోటికి పోతుంది. చందమామను ఎవరూ గౌరవంగా చూడలేదు కాబట్టి అది తిరుగుతూ ఉంది. ఖిలోనాను మేం కళ్లకద్దుకున్నాం కాబట్టి అది నీళ్లలోకి, మట్టిలోకి పోయింది. అదబ్ ఎక్కువై పోయిన వస్తువు అది. ఇది ఒక్కటే కారణం అనడం లేదు. ఉర్దూ చదివే ఇళ్లు తగ్గాయి. తాత పోయాక మనవడికి ఆ రస్మె ఖత్, ఆ లిపి రాదు. ఏ కాగితం కథో, ఏ కాగితం కురానో తెలియనివాడు అన్నింటికీ ఒకే మర్యాద చేస్తాడు. చదవడం రానిచోట మర్యాద ఇంకా పెరుగుతుంది. మా దాదీ చేసింది అదే కదా.

ఇలాంటిది తెలిసినవాడు మన ఊళ్లో ఒకాయన ఉండేవాడు, అబ్దుస్ సమద్ ఖాన్ సాబ్. ఉర్దూ కితాబులు, మరీ ముఖ్యంగా రిసాలాలు, బతుకంతా పోగుచేశారు. రిసాలాను ఎవరూ దాచరు, అందుకే దాచాలి అనే మనిషి. ఆ ఖజానా తర్వాత బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రానికి చేరింది. 2000 ఆగస్టులో హైదరాబాద్‌ను ముంచిన వరదలో అక్కడికీ నీళ్లొచ్చాయి. తడిసినవాటిని ఆరబెట్టి, ఒక్కొక్కటిగా కాపాడుకున్నారు. నీళ్లలోంచి ఉర్దూ కాగితాన్ని వెనక్కి తీసినవాళ్లు వాళ్లు. నేను ఈ సంగతి విన్నప్పుడల్లా బీచుపల్లి వంతెన గుర్తొస్తుంది.

నా వేట మెల్లగా సాగింది. నాకు కావలసినవి 65. ఛత్తా బజార్‌లో శాదీ రుఖాలు రాసే ముసలి ఖుష్‌నవీస్ ఒకాయన తన అటక మీదివి పదకొండు ఇచ్చాడు. డబ్బు తీసుకోలేదు, చాయ్ తాగించాడు. గుల్బర్గా నుంచి కొన్ని, బీదర్ నుంచి కొన్ని. పదిహేనేళ్లలో కాగితం మీద 31 దొరికాయి. ఒకదాని మీద కుడివైపు మూలన ఎర్ర సిరాతో వేరే అమ్మాయి పేరు, 'ఆరో జమాత్' అని రాసి ఉంది. ఎవరో, ఏ ఊరో. ఆమెకూ ఇంట్లో ఎవరైనా చదువు మాన్పించారేమో. ఆ పేరు అలాగే ఉంచా. మన బచ్‌పన్‌లో పోయిన ముక్కను ఇంకొకరి బచ్‌పన్‌తోనే అతుకుతాం, వేరే దారి లేదు.

2013లో రేఖ్తా అనే వెబ్‌సైట్ మొదలైంది. మెల్లగా పాత రిసాలాలు స్కాన్ చేసి పెట్టడం మొదలుపెట్టారు. ఒక రాత్రి వెతుకుతుంటే ఖిలోనా ముఖచిత్రం తెరమీద వెలిగింది. ఫుప్పు ఫెహ్‌రిస్త్ పక్కన పెట్టుకుని ఒక్కొక్కటి టిక్కు పెట్టుకుంటూ పోతే ఇంకో 30 తేలాయి. మొత్తం 84లో నాలుగు తప్ప అన్నీ. నాలుగు ఇప్పటికీ లేవు.

కానీ అసలు సంగతి వేరే. 84 పూర్తయినా కథ పూర్తి కాదు. ఆ ఓడ కథ ముగింపు ఫుప్పు నికాహ్ తర్వాతి నెలల్లో ఉంది. ఆమె జాబితాలో లేని నంబర్లలో. నేను ఇన్నాళ్లూ ఆమె దగ్గరున్నవే వెతికాను గానీ, ఆమెకు అందనివి వెతకలేదు. అవి కూడా తెరమీదే దొరికాయి. చివరి మూడు ఖిస్త్‌లు.

ఫుప్పుకు ఇప్పుడు కళ్లు సరిగా కనిపించవు. ఆపరేషన్ చేయించినా అంతంత మాత్రమే. రాయచూర్ వెళ్లి, మగ్రిబ్ తర్వాత పక్కన కూర్చుని, ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసుకుని చదివి వినిపించా. చాలా ఏళ్ల తర్వాత ఉర్దూ గట్టిగా చదవడం, నాలుక రెండుసార్లు తడబడింది. ఆమె సరిదిద్దింది. కథలో తండ్రి దొరకడు. పిల్లవాడు ఒక్కడే తిరిగొస్తాడు, తండ్రి దుర్బీన్ పట్టుకుని. ఇంటి ముందు అమ్మ నిలబడి ఉంటుంది. ఖతం.

ఫుప్పు కాసేపు ఏమీ అనలేదు.

'ఇత్తాచ్ క్యా రే?' అంది చివరికి. ఇంతేనా అని.

'అంతే ఫుప్పూ.'

'మేరీ కహానీచ్ అచ్ఛీ థీ నా.'

నాదే బాగుండె కదా అంది. నవ్వింది. అప్పుడు అడిగా, 'మరి మాకు ఖిలోనాలో ఉంది అని చెప్పావే' అని. 'మీరు నమ్మాలంటే అట్లనే చెప్పాలె. ఆడపిల్ల చెప్పిన కథ అంటే ఎవరు వింటరు? రిసాలాలో ఉంది అంటే విన్నరు' అంది.

మా అందరి చిన్నతనంలో ఖిలోనాలోని అతి మంచి కథ ఖిలోనాలో లేదు. ఏడో జమాత్‌తో చదువు ఆగిన ఒక అమ్మాయి నోట్లో ఉంది. అది ఏ ఆబిడ్స్‌లోనూ దొరకదు, ఏ రేఖ్తాలోనూ స్కాన్ కాదు. వాపస్ వచ్చే ముందు ఫోన్ రికార్డర్ పెట్టి, మొత్తం మళ్లీ చెప్పించుకున్నా. బందర్ రేవు, అత్తరు దుకాణం, బస్సు, ఖట్టీ దాల్, అన్నీ. ఈసారి తండ్రికి ఒక పేరు పెట్టింది. మా దాదా పేరు.

దాన్ని తెలుగులో రాసి నా కూతురికి ఇచ్చా. చదివి, 'దీనికి బొమ్మలెందుకు లేవు?' అని అడిగింది. ఇప్పుడు తనే వేస్తోంది. ఫెహ్‌రిస్త్ కాపీలో 84 కింద నేను 85 అని రాసి, ఫుప్పు పేరు పెట్టా. పక్కన సున్నా పెట్టలేదు.